నీళ్ళు తాగిన బండి

క్రేన్ వాడు గొలుసు వదిలేసరికి బండి మూతి నేలకు కొట్టుకుంది. వెనక తలుపు దానంతటదే తెరుచుకుని, సీట్ల కింది నుంచి నల్లటి నీళ్ళు వాకిట్లోకి కారాయి.

వనజాక్షి మగ్గం ఆపి బయటికి వచ్చేలోగా కంపు గుమ్మం దాటి ఇంట్లోకి చేరిపోయింది. బురద, కుళ్ళిన తోలు, లోపల ఎక్కడో చచ్చిన ఎలుక, మూడూ కలిసిన కంపు అది. ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని మొగుడి వైపు చూసింది.

"ఏందిది?"

"స్పేరు బండి" అన్నాడు దేవేంద్ర.

అన్న తీరు చూస్తే సంతలో దూడను తోలుకొచ్చినంత సంతోషంగా ఉన్నాడు. ఆ ముఖంలో రవ్వంత సిగ్గు ఏమైనా దొరుకుతుందేమోనని ఆమె వెతికింది. దొరకలేదు.

"మన బండి రేణిగుంటలో సలావుద్దీన్ షెడ్డులో పడుండాది గదా. నెల దాటిపాయ. ఇంక ఇదెందుకు?"

"అది బాగుపడాలనే ఇది. మన బండి మోడలే. అదే ఇంజను, అదే రంగు. మద్రాసులో ఇన్సూరెన్సోళ్ళ వేలంలో పట్టినా. లక్షా ఎనభై వేలకే వచ్చినాది."

"మునిగిన బండా?"

"వానలకు రెండు దినాలు నీళ్ళల్లో నిలబడినాది, అంతే."

అంతే. దేవేంద్ర ఏడాదిన్నరగా ఈ ఒక్క మాట మీదే కాపురం నడుపుతున్నాడు. బెంగళూరు నుంచి ఆ జర్మనీ బండి తెచ్చినప్పుడు, కొత్తదైతే ఎనభై లక్షలు, మనకు పదకొండు లక్షలు, అంతే అన్నాడు. రెండో నెలలో బ్రేకులకు ముప్పై నాలుగు వేలు, అంతే. ఆయిలు మార్చడానికి నలభై వేలు, అంతే. సస్పెన్షన్ బెలూను పగిలి, బండి ఒక పక్కకు కూలబడి వాకిట్లోనే కుంటిదైపోయిన రోజు, ఆ బెలూను ఒక్కటే లక్షా పది వేలు, అంతే. ఆ ఇంట్లో ఆరు మరమగ్గాలు ఉండేవి. రెండు ఈ అంతేల కిందే పోయాయి. వనజాక్షి గాజులు ఎప్పుడు పోయాయో ఆమెకే సరిగా గుర్తు లేదు.

"దుడ్లు యాడివి?"

దేవేంద్ర వంగి బండి చక్రం తట్టి చూశాడు. "టైర్లు బాగుండాయి సూడు."

"దుడ్లు యాడివయ్యా అంటే టైర్లు సూపిస్తావేంది?"

"వెంకటముని ఇచ్చినాడు."

వెంకటముని పుత్తూరులో మగ్గాల బ్రోకరు. నగరి నేతవాళ్ళు చేతులెత్తేసిన ఇళ్ళన్నీ అతనికి వీధి వీధినా తెలుసు. మగ్గాలు విప్పి లారీకెత్తి సూరతుకో ఈరోడుకో పంపిస్తాడు. ఉత్తపుణ్యానికి ఎవరికీ పది రూపాయలు ఇచ్చే మనిషి కాడు.

"నాలుగు మగ్గాలకూ అడ్వాన్సు తీసుకున్నావా?"

దేవేంద్ర టైరు నుంచి అద్దానికి, అద్దం నుంచి బంపరుకు చూపు మార్చుకుంటూ పోయాడు.

తిన్నె మీద కూర్చున్న గంగులప్ప గొంతు సవరించుకున్నాడు. దేవేంద్రకు తండ్రి, డెబ్బై నాలుగేళ్ళ మనిషి. యాభై ఏళ్ళు నేసిన చేతులు.

"మనకిది కొత్త గాదులేమ్మా. ఈరోడులో పాత మగ్గం తూకానికి తెచ్చి, దాన్ని ఊడదీసి, ఆ సామాన్లతో మన మగ్గాలు నడిపినోళ్ళమే గదా. వీడూ అదే యోచన జేసినాడు."

ఆ మాట అబద్ధం కాదు. నగరిలో ప్రతి నేత ఇంటి వెనకా ఒక ఊడదీసిన మగ్గం అస్థిపంజరంలా పడి ఉంటుంది. ఒకదాని చక్రం ఇంకోదానికి పడుతుంది. ఒకదానిలో పోగు మోసే నాడె ఇంకోదానిలో పరుగెడుతుంది. ఇనుము నువ్వెవరి మగ్గానివని అడగదు. అందుకే ఈ తండ్రీ కొడుకులకు లోకంలోని యంత్రాలన్నీ మగ్గాల్లాగే కనిపిస్తాయి.

"మగ్గాల మీద పడుగుండాది మామా" అంది వనజాక్షి. "నాలుగింటి మీదా ఉండాది. వెంకటముని వచ్చినా యాడెత్తుతాడు?"

దేవేంద్ర ముఖం మాడిపోయింది. అతనికి అడ్డం పడుతున్నది అదొక్కటే.

పడుగు, అంటే నిలువు పోగులు, ఎక్కిన మగ్గాన్ని నేత ఇళ్ళలో ఎవరూ కదిలించరు. బీముకు చుట్టిన పడుగు చివరి గజం దాకా నేసి, గుడ్డ కోసి, కర్పూరం వెలిగించి, ఆ తర్వాతే మగ్గం మీద రెంచీ పెడతారు. నడుమలో పడుగు కోయడమనేది ఆ ఇళ్ళలో నోటితో అనే మాట కూడా కాదు. పుట్టింట్లో వ్యవసాయం తప్ప తెలియని వనజాక్షికి పెళ్ళయిన కొత్తలో ఇదంతా పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది గంగులప్పే. పోయిన రెండు మగ్గాలూ పడుగు అయిపోయాకే గడప దాటాయి. అప్పటి నుంచి ఆమె మిగిలిన నాలుగింటి మీదా పడుగు అయిపోనివ్వడం లేదు. పాత పోగులు చివరికొస్తున్నాయనగా కొత్త బీము తెచ్చి, రెండు వేల పైచిలుకు పోగులు ఒక్కొక్కటిగా అతికేస్తోంది.

"నువ్వు అతుకుతా పోతే అది ఎప్పుటికీ అయిపోదే" అన్నాడు దేవేంద్ర పళ్ళ మధ్య నుంచి.

"అయిపోగూడదనే అతుకుతా ఉండా."

"రేప్పొద్దున నన్ను వార్డు ఎలక్షన్లో నిలబెడతామని వచ్చేవాళ్ళు నా వాకిట్లో ఏం జూసి నిలబెడతారు? నీ లుంగీ గుడ్డనా?"

"ఆ లుంగీ గుడ్డతోనే నువ్వు తింటా ఉండావు. నీ కూతురు పూజిత హాస్టల్లో సదువుతా ఉండాది. నీ బండి ఒక్క పూటన్నా ఎవురికన్నా అన్నం పెట్టినాదా?"

దేవేంద్ర క్రేన్ వాడి చేతిలో నోట్లు పెట్టి, వాడి ముందు మాట్లాడవద్దని కళ్ళతో సైగ చేశాడు. పరాయివాళ్ళ ముందు పరువు కావాలి అతనికి. ఇంట్లోవాళ్ళ ముందు ఎప్పుడూ అక్కర్లేదు.

వనజాక్షి లోపలికి పోయి చీర మార్చుకుంది.

"యాడికి?" అన్నాడు.

"ఆ బండిని బాగుజేసేవాడినే అడిగొస్తా."

*

రేణిగుంట బస్సు దిగి, కంటైనర్ లారీలు తప్పించుకుంటూ షెడ్డు చేరేసరికి పన్నెండు దాటింది. జర్మనీ బండి ఓ మూల నాలుగు దుంగల మీద నిలబడి ఉంది. బానెట్టు లేదు. గేరుబాక్సు కిందికి దించి గోనెపట్టా మీద పెట్టారు. లోపల వెనక సీట్లకు మాత్రం దేవేంద్ర వేయించిన ఎర్ర కవర్లు అలాగే మెరుస్తున్నాయి. వాటికి పద్దెనిమిది వేలు.

సలావుద్దీన్ ఆమెను చూసి చేతులు తుడుచుకుంటూ లేచాడు. కుర్చీ మీది సామాన్లు తీసి, దాన్ని గుడ్డతో తుడిచాడు.

"కూసోమ్మా. దేవేంద్రన్న రాలేదా?"

"ఆయన వాకిట్లో ఇంకో బండి దించుకున్నాడన్నా. అసింగంగా ఉండాది. కంపు తట్టుకోలేక మా పక్కింటి శకుంతలమ్మ కిటికీలన్నీ మూసేసుకున్నాది."

సలావుద్దీన్ చేతులు శుభ్రంగానే ఉన్నా మళ్ళీ తుడుచుకున్నాడు.

"దాంట్లోనుంచి ఏ సామాను తీసి దీనికి ఏస్తావన్నా? అది తెలుసుకునేదానికే వచ్చినా."

"ఏమీ లేదమ్మా."

"ఏమీ లేదంటే?"

"మన బండిలో పోయింది గేరుబాక్సు కంప్యూటరు. ఈ బండ్లల్లో ఆ కంప్యూటరు దాని బండినే గుర్తు పడతాది. ఇంకో బండికి పెడితే పలకదు. తాళం వేసినట్టుంటాది. ఆ తాళం తీసేవాళ్ళు మద్రాసులో ఉండారు, నేనూ పంపిస్తా ఉంటా. కానీ కంప్యూటరు బాగుండాల. అది రెండు దినాలు నీళ్ళల్లో ఉండింది. నీళ్ళు తాగినాంక ఇంక దాన్ని పారేసేదే."

వనజాక్షి గోనెపట్టా మీది గేరుబాక్సును చూసింది. ఇంత ఇనుము ఉండి, ఇంత బరువు ఉండి, అరచేతి వెడల్పు రేకు ఒకటి పలక్కపోతే మొత్తం చచ్చినట్టేనట.

"ఈ మాట ఆయనకు తెలుసునా అన్నా?"

సలావుద్దీన్ నేల చూపులు చూశాడు. "నేను మీ ఇద్దరి మధ్యలో మాట్లాడగూడదమ్మా."

"మాట్లాడాల. వెంకటముని అడ్వాన్సు కింద నాలుగు మగ్గాలు పోతా ఉండాయి నాకు."

"కొనకముందే సెప్పినా. రెండు తూర్లు సెప్పినా."

టీ వచ్చింది. ఆమె తాగలేదు.

"కొత్త కంప్యూటరు ఎంత?"

"మూడు లక్షల ఇరవై వేలు. అది వేస్తే బండి నడుస్తాది. ఎన్నాళ్ళంటే నేను సెప్పలేను. ముందర రెండో బెలూను గూడా పగుళ్ళిచ్చుండాది. టైర్లు ఒక్కోటి ఇరవై రెండు వేలు. ఈ బండి కొనేది సులువమ్మా, మీరే గాదు, తిరపతిలో శానామంది కొన్నారు. సంవత్సరం తిరిగేసరికి అందరూ నా షెడ్డులోనే కలుస్తారు. పని వస్తే వద్దనకూడదు మెకానిక్కు. కానీ మగ్గం అమ్మిన దుడ్లని తెలిసినాంక మీకాడ తీసుకునేదానికి నాకు చెయ్యి రావడంలా."

"ఉన్నదున్నట్టు అమ్మేస్తే?"

"మూడు మూడున్నర వస్తాది. నేనే అమ్మిపెడతా. వెంకటమునిది ఆయన మొగాన పారేయొచ్చు."

వనజాక్షికి గుండెల మీది బరువు సగం దిగినట్టయింది. పదకొండు లక్షల బండి మూడున్నరకు పోతుందని విని సంతోషపడే రోజు వస్తుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. అయినా సంతోషమే. ఈ లెక్క ముందు పెడితే ఎంత మొండివాడైనా ఇంకేం మాట్లాడతాడు? బస్సులో దారి పొడుగునా మాటలు పేర్చుకుంటూనే వచ్చింది. కోపంగా చెప్పకూడదు. మెల్లగా చెప్పాలి. మామను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాలి.

*

ఇంటికొచ్చేసరికి మూడున్నర. దేవేంద్ర తిన్నె మీద కూర్చుని పెరుగన్నం తింటున్నాడు. పది అడుగుల దూరంలో ఆ బండి, దాని చుట్టూ ఈగలు, ఈగలతో పాటు ఆ కంపు. అతను నిమ్మకాయ ఊరగాయ నంజుకుని తింటున్నాడు.

అప్పుడు గమనించింది. బండి మీద కొత్త వెండిరంగు కవరు కప్పి ఉంది. అంచులు లాగి, తాళ్ళతో బిగించి కట్టాడు. పాత బండికి కప్పే కవరు లాంటిదే.

ఆమె మామ పక్కన కూర్చుంది. సలావుద్దీన్ చెప్పినదంతా ఒక్క మాట పొల్లుపోకుండా చెప్పింది. కంప్యూటరు సంగతి, తాళం సంగతి, మూడున్నరకు అమ్మిపెడతానన్న సంగతి. గొంతు పెంచలేదు.

దేవేంద్ర చివరి ముద్ద తిని కంచంలోనే చెయ్యి కడుక్కున్నాడు.

"నన్నడక్కుండా వాడి దగ్గరికి యాల పోయినావు?"

"నీకు ముందే తెలుసునా తెలీదా?"

"మెకానిక్కులు అట్లే సెప్తారు. కొత్త సామాను అమ్ముకోవాల గదా."

"తెలుసునా తెలీదా?"

"తెలుసు" అన్నాడు.

"తెలిసే తెచ్చినావా?"

దేవేంద్ర వీధిలోకి చూశాడు. ఎవరో సైకిల్ మీద పోతూ, "ఏమన్నా, బండి వచ్చేసినాదే" అని పలకరించాడు. దేవేంద్ర చెయ్యెత్తి నవ్వాడు. సైకిలు మలుపు తిరిగేదాకా ఆ నవ్వు ముఖం మీదే ఉంది.

వనజాక్షికి అప్పుడు అర్థమైంది. అదే మోడలు, అదే రంగు అని పొద్దున అంత గట్టిగా ఎందుకు చెప్పాడో అర్థమైంది. స్పేరు సామాను కోసం కాదు. నెల రోజులుగా వాకిలి బోసిపోయింది. కవరు కప్పేస్తే ఏది ఏ బండో వీధికి ఏం తెలుస్తుంది? ఇంటి ముందు నిలబెట్టుకోవడానికి మొగుడు లక్షా ఎనభై వేలు పోసి శవాన్ని కొనుక్కొచ్చాడు.

"థూ" అంది. ఆ మాట ఆమె అనాలని అనలేదు. దానంతటదే వచ్చింది.

"నీకేం తెలుసే" అన్నాడు దేవేంద్ర. "బండి లేదని తెలిసినప్పుటినుంచి పార్టీలో ఒక్కడు నా ఫోను ఎత్తడంలా. నాలుగు దినాలు ఇది ఈడుంటే, ఆలోపల మగ్గాలు పోతే, ఆ మిగులు దుడ్లతో కొత్త కంప్యూటరు ఏయించి ఆ బండి తెచ్చుకుంటా. అంతే."

"మామా" అంది ఆమె గంగులప్ప వైపు తిరిగి. "నువ్వన్నా సెప్పు. నీ మాట ఇంటాడు."

గంగులప్ప భుజం మీది తువ్వాలు తీసి ఒళ్ళో మడిచి పెట్టుకున్నాడు.

"చంద్రగిరిలో షావుకారు మనమడి పెళ్ళికి పోయినాం గదమ్మా ఆ బండిలో."

"పోయినారు."

"ముప్పై ఏండ్లు ఆయనకు కూలికి నేసినా. గుడ్డ మూట మోసుకోని ఆయన తిన్నె కింద నిలబడుంటా. ఒక్కనాడు పేరు పెట్టి పిలవలా. 'యోవ్' అంటాడు, అంతే. ఆ పొద్దు నేను బండి దిగతా ఉంటే కల్యాణమండపం గేటుకాడికి ఎదురొచ్చినాడు. గంగులప్పా అని చెయ్యి పట్టుకున్నాడు. తనతో పాటు పంక్తిలో కూసోబెట్టుకున్నాడు."

ముసలాయన కళ్ళు తడయ్యాయి. వనజాక్షికి ఒక్క క్షణం జాలేసింది. ముప్పై ఏళ్ళ అవమానం చిన్నదేం కాదు. ఆ షావుకారు తిన్నె కింద ఆమె కూడా మూట పట్టుకుని నిలబడింది.

"ఆయనకు నీ పేరు తెలుసు గాబట్టి పిలిచినాడు మామా. బండి కోసం గాదు."

"బండి కోసమేనమ్మా" అన్నాడు గంగులప్ప శాంతంగా. "ఆ మాత్రం నాకు తెలుసు."

లేచి, గోడ పట్టుకుంటూ లోపలికి నడిచాడు. మధ్యాహ్నం పూట కాసేపు నడుం వాల్చడం ఆయనకు అలవాటే. మనసు కష్టపెట్టానేమో అనుకుంది వనజాక్షి. దేవేంద్ర వైపు తిరిగింది.

"ఆ వెంకటముని నంబరియ్యి. నేను మాట్లాడతా. సలావుద్దీన్ బండి అమ్మిపెట్టినాంక నీ దుడ్లు నీకిస్తామని సెప్తా."

"నువ్వు మాట్లాడేదేంది?"

"ఇయ్యి నంబరు."

అతను ఫోను చొక్కా జేబులోకి తోశాడు. ఆమె చెయ్యి చాపి అలాగే నిలబడింది.

అంతలో మగ్గాల షెడ్డు నుంచి కత్తెర చప్పుడు వినబడింది. గుడ్డ కోసే చప్పుడు అది కాదు. గుడ్డ కోస్తే ఒక్క సాగున పోతుంది. ఇది ఆగి ఆగి వస్తోంది, బిగించి కట్టిన వాటిని గుప్పెడు గుప్పెడుగా తెంపుతున్నట్టు.

వనజాక్షి పరుగెత్తింది.

కిటికీ పక్కన మొదటి మగ్గం ముందు గంగులప్ప వంగి నిలబడి ఉన్నాడు. పడుగు సగం దాకా తెగిపోయింది. తెగిన పోగులు వెనక్కి లాక్కుని బీము మీద ఉంగరాలు తిరిగి పడున్నాయి. పోయిన వారం రెండు రోజులు కూర్చుని ఆమె అతికిన పోగులు. ఆమె చూస్తుండగానే ముసలాయన మిగిలిన సగం కూడా తెంపాడు. యాభై ఏళ్ళ అలవాటు, కత్తెర ఎక్కడా తడబడలేదు.

"ఇంక దీని మీద పడుగు లేదు" అన్నాడు. "ఎత్తుకోమను."

"నడుమలో కోయగూడదని నాకు సెప్పింది నువ్వే గదా మామా. ఈ షెడ్డులోనే. ఈ మగ్గం కాడే."

"సెప్పినా."

"మరి?"

"అప్పుడు మనకు ఇది తప్ప ఏమీ లేదమ్మా."

వెనక గుమ్మంలో దేవేంద్ర ఫోనులో మాట్లాడుతున్నాడు. "ఆ, మునీ, ఒకటి ఖాళీ అయినాది. మూడుండాయి. లారీ మాట్లాడుకో." గొంతు హుషారుగా ఉంది. తండ్రి అంత పని చేస్తాడని అతను కూడా అనుకున్నట్టు లేదు.

వనజాక్షి ఇద్దరినీ చూసింది. ఇరవై రెండేళ్ళు ఈ ఇద్దరికీ వండి పెట్టింది. ఒకడు చేతకానివాడని ఎప్పుడో తెలుసు, దానికి అలవాటు పడింది. రెండోవాడిని మాత్రం తండ్రి కంటే ఎక్కువ అనుకుంది.

ఆమె అరవలేదు, ఏడవలేదు. మామ దగ్గరికి పోయి ఎదురుగా నిలబడింది. సిగ్గు తెచ్చేందుకు ఆమె దగ్గర ఇంక ఒక్క మాటే మిగిలింది.

"ఇంకా మూడుండాయి మామా. అవి గూడా నువ్వే కొయ్యి. నీ కొడుకు చేతికియ్యొద్దు. నేను ఈడే నిలబడుకుంటా. నా కళ్ళ ముందరే కొయ్యి."

కత్తెర కింద పెట్టేస్తాడనే అనుకుంది. కనీసం తల దించుకుంటాడనుకుంది.

గంగులప్ప ఆమె ముఖంలోకి చూసి, సరేనన్నట్టు తలూపాడు. తెగిన పోగుల మీద అడుగులు వేసుకుంటూ రెండో మగ్గం దగ్గరికి నడిచాడు. అక్కడ వెలుతురు తక్కువ. పడుగు మీదికి వంగి, కళ్ళు చికిలించి చూశాడు. మళ్ళీ నిటారుగా నిలబడ్డాడు.

"వనజమ్మా, నా అద్దాలు తిన్నె మీదుండాయి" అన్నాడు. "రవ్వంత తెచ్చియ్యమ్మా."